ఎద్దు తల, నెమలి, పాము చుట్టిన మట్టికుండ: మట్టి కలపడం నుంచి కాల్చడం దాకా

కుండకు అతికించిన మట్టి ఎద్దుకొమ్ము ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, ఊడిపోతే తప్పంతా నిప్పుదే అనుకుంటారు. చాలాసార్లు ఆ కొమ్ము పది రోజుల ముందు, అతికించిన పూటే ఊడిపోయి ఉంటుంది. ఆవం ఆ సంగతి బయటపెడుతుంది, అంతే. పదును అంటే మట్టిలో తడి ఎంత మిగిలింది, ఎంత గట్టిపడింది అనే దశ. కుండ గోడ ఒక పదునులో, కొమ్ము ఇంకో పదునులో ఉండగా కలిపితే ఆరేటప్పుడు రెండూ వేర్వేరు కొలతలకు కుంచించుకుపోతాయి. మధ్యలో వెంట్రుక మందాన సందు పడుతుంది. కింద చెప్పే కొలతలు, గంటలు, గుడ్డలు కప్పడాలు చాలామటుకు ఆ సందు పడకుండా చూసుకోవడానికే.

ఇక్కడ చేయబోయే కుండ పొట్ట దగ్గర 24 సెం.మీ. వెడల్పు, 26 సెం.మీ. ఎత్తు, మూతి 14 సెం.మీ. ఒక పక్క ఒంగోలు ఎద్దు తల, దాని వెనక మూపురం, కింద గంగడోలు. ఎదుటి పక్క పురి విప్పిన నెమలి. మెడ చుట్టూ పడగెత్తిన పాము. ఈ మూడింటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎద్దు తల బయటికి పొడుచుకొచ్చే బోలు బొమ్మ, నెమలి గోడను అంటిపెట్టుకుని ఉబ్బే బొమ్మ, పాము కుండను పూర్తిగా చుట్టే బొమ్మ. ఈ మూడు పనులు చేతికి పట్టుబడితే ఏనుగు, ఉడుము, చిలుక, చేప ఏదైనా వాటిలో ఒకదాని కిందికే వస్తుంది.

నమూనా కోసం ముందు చూడాల్సినవి దగ్గర్లోనే ఉన్నాయి. అమరావతి మ్యూజియంలోనూ, విజయవాడ బాపు మ్యూజియంలోనూ రాతి చెక్కడాల ముందు కాసేపు నిలబడండి. రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం అమరావతి శిల్పకళ నుంచి వచ్చిందే. అమరావతి శిల్పాల్లో ఏనుగులు, సింహాలు, గుర్రాలు, మకరాలు ఉంటాయి. వాటి కాళ్ళు, తోకలు రాతి పలక మీద ఎలా ఆనుకున్నాయో గమనించండి. సన్నని భాగం ఏదీ గాల్లో వేలాడదు. మట్టిలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పశ్చిమ బెంగాల్‌లోని పాంచ్‌మురా కుమ్మరులు బాంకురా గుర్రమనే మట్టిబొమ్మకు చెవులు, తోక విడిగా చేసి, ఒంట్లో వదిలిన రంధ్రాల్లో గుచ్చుతారు. తమిళనాడు పల్లెల్లో అయ్యనార్ గుళ్ళ ముందు నిలబెట్టే పెద్ద మట్టి గుర్రాలకు ఒళ్ళూ కాళ్ళూ బోలుగానే ఉంటాయి. రాజస్థాన్‌లోని మోలేలాలో దేవతల బొమ్మలను పలక మీద ఉబ్బుగా పెడతారు, మట్టిలో గాడిద పేడ కలుపుతారు. మూడు ఊళ్ళవాళ్ళూ పగులును మూడు దారుల్లో తప్పించుకున్నారు. మన కుండకు మూడూ పనికొస్తాయి.

ఏ నెలలో మొదలుపెట్టాలి

విజయవాడ, గుంటూరుల్లో కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండ మెత్తగా ఉంటుంది, గాలిలో తేమ మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. వైశాఖంలో వడగాలి తగిలిన పక్క గంటలో తెల్లబారిపోతుంది, వెనక పక్క ఇంకా తడిగానే ఉంటుంది. అప్పుడు చేయక తప్పదంటే కిటికీలు మూసిన గదిలో, ఫ్యాను ఆపి చేయాలి. శ్రావణ భాద్రపదాల్లో బొమ్మ చేయడం సుఖమే, కానీ ఆరడానికి మూడు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

కుమ్మరి దగ్గర మట్టో పచ్చికుండో (ఇంకా కాల్చని కుండ) తీసుకోవాలనుకుంటే దీపావళి ముందు నెల వద్దు, ఆయన ప్రమిదల పనిలో తలమునకలై ఉంటాడు. నీళ్ళకుండలు అమ్ముడుపోయే ఎండాకాలం మొదలూ అంతే.

మట్టి ఎంపిక

తడి మట్టి 7 కిలోలు సిద్ధం చేసుకోండి. కుండకు దాదాపు మూడున్నర కిలోలు, బొమ్మలకు కిలోంపావు పడుతుంది. మిగతాది అతుకులకు, మళ్ళీ చేయాల్సి వచ్చిన ముక్కలకు.

అన్నిటికన్నా మంచిది చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు. కృష్ణ ఒడ్డు ఇటుక బట్టీల మట్టిలో ఇసుక ఎక్కువగా ఉంటుంది. గోడకు పనికొస్తుంది గానీ కొమ్ము వంచితే చిట్లుతుంది. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేలితో ఎటు వంచితే అటు వంగుతుంది, చెప్పినట్టు వింటుంది, ఆరేటప్పుడు మాత్రం విడిపోతుంది. ఎండాకాలం ఆ పొలాల్లో చెయ్యి దూరేంత పగుళ్ళు ఎందుకు పడతాయో కుండ మీదా అందుకే పడతాయి. ఆ మట్టి రేణువులు తమలోకి నీళ్ళు లాక్కుని ఉబ్బుతాయి, నీళ్ళు పోగానే అంతకంతా కుంచించుకుంటాయి. మొత్తంలో నాలుగో వంతుకు మించి రేగడి కలపకండి. పైగా రేగడిలో తెల్లటి సున్నపు గవ్వలు ఉంటాయి, వాటి గొడవ తర్వాత వస్తుంది. చౌడు నేల మట్టి అసలే వద్దు. ఆరాక కుండ మీద తెల్లటి ఉప్పు పూత లేస్తుంది, దాని మీద జాజు (ఎర్రమట్టి రంగు) నిలవదు.

అనుమతి లేకుండా చెరువు గట్టు, కాలువ గట్టు తవ్వొద్దు. కుమ్మరి దగ్గర కలిపి ఉంచిన మట్టి అడిగి కొనుక్కోవడమే మేలు. ఆ మట్టి ఆ ప్రాంతపు ఆవంలో కాలి నిలిచిన మట్టి. అంతకన్నా పెద్ద పరీక్ష లేదు.

తెచ్చిన మట్టికి ఇంట్లో చేసే పరీక్షలు మూడు. పెన్సిలు మందాన కడ్డీ చేసి చూపుడువేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే జిగట చాలు, నెర్రెలిస్తే జిగట తక్కువ. తర్వాత 1 సెం.మీ. మందాన పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెం.మీ. గీత గీసి నీడలో ఆరనివ్వండి. గీత 9.2 నుంచి 9.5 సెం.మీ. దగ్గర ఆగితే ఈ పనికి సరిపోతుంది. 9 కన్నా తగ్గితే ఇసుక, పెంకుల పొడి పెంచాలి. మూడోది సున్నం పరీక్ష. ఎండిన మట్టి పొడి మీద వెనిగర్ చుక్కలు వేయండి, బుసబుసమని నురుగు వస్తే అందులో సున్నం ఉన్నట్టే.

కలపడం

మట్టిగడ్డలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి, బకెట్టు నీళ్ళలో వేసి కదపకుండా వదిలేయండి. ఎండిన గడ్డ దానంతటదే విచ్చుకుని రాత్రికి రాత్రి మెత్తబడుతుంది. సగం తడిగా ఉన్న గడ్డ రోజుల తరబడి నానినా లోపల గట్టిగానే ఉంటుంది. మర్నాడు చేత్తో కలిపి దోమతెర గుడ్డలో వడకట్టండి. వేర్లు, గులక, సున్నపు గవ్వలు పైన నిలిచిపోతాయి. ఈ వడపోత బద్ధకించి వదిలేస్తే దాని ఫలితం కాల్చాక వారానికి కనపడుతుంది.

పైకి తేలిన నీళ్ళు వంచేసి, చిక్కటి మట్టిని పాత పంచె మీద పోసి బూడిద పరిచిన నేల మీద ఆరనివ్వండి. ముద్ద కట్టే దశకు వచ్చాక మిగతావి కలపాలి. డబ్బా కొలతలో ఒండ్రు 6 పాళ్ళకు జల్లించిన ఏటి ఇసుక 1 పాలు, పెంకుల పొడి 1 పాలు. పెంకుల పొడి అంటే పగిలిన కుండల్నీ పాత బంగాళా పెంకుల్నీ రోట్లో దంచి, రవ్వ జల్లెడ పట్టింది. ఒకసారి కాలింది కాబట్టి ఈ పొడి మళ్ళీ కుంచించుకుపోదు. బొమ్మ గట్టిగా నిలబడేది దీనివల్లే. ఇసుక మాత్రమే పెంచితే కొమ్ము కొన రాలుతుంది, పెంకుల పొడి పెంచితే రాలదు. దంచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. నేల పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

కాలితో పావుగంట తొక్కి, చేత్తో ఇంకో పావుగంట పిసకండి. ముద్దను తీగతో రెండుగా కోసి చూస్తే కోత ముఖంలో గాలి కన్నాలు, రంగు చారలు ఉండకూడదు. ఆ తర్వాత తడి గోనెలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో కట్టి కనీసం రెండు వారాలు మాగనివ్వండి. మాగిన మట్టి వేలి కింద నెర్రెలివ్వకుండా వంగుతుంది, కొద్దిగా వాసన వస్తుంది, అది మంచిదే.

కుండ

సారె (కుమ్మరి చక్రం) లేకపోయినా ఫరవాలేదు. లోతైన పళ్ళెంలో బూడిద చల్లి, 1.2 సెం.మీ. మందాన అడుగు పరవండి. మట్టిని చెక్కతో మధ్య నుంచి అంచులకూ, అంచుల నుంచి మధ్యకూ బాగా తట్టాలి. తట్టని అడుగుకు ఆరేటప్పుడు మెలిక తిరిగిన పగులు వస్తుంది. దాని మీద బొటనవేలు మందాన కడ్డీలు చుట్టుకుంటూ పైకి రండి. ప్రతి చుట్టునూ లోపలి పక్క కిందికి, బయటి పక్క పైకి వేలితో లాగి కలపండి. నాలుగు చుట్లకు ఒకసారి ఆగి, గంట గట్టిపడనిచ్చి, లోపల గుండ్రటి రాయి పట్టుకుని బయట చెక్కతో తట్టండి. గోడ 9 నుంచి 10 మి.మీ. మందం ఉండాలి. హాక్సా బ్లేడు ముక్కతో గీకి సమం చేయొచ్చు. తడి కుండ అనుకున్న కొలతకు 2 సెం.మీ. పెద్దదిగా ఉండాలి, ఆరి కాలేసరికి తగ్గుతుంది.

మొదటిసారి చేసేవాళ్ళకు ఇంకో దారి మంచిది. కుమ్మరి దగ్గర సగం ఆరిన పచ్చికుండ కొనండి, దాంతోపాటు అదే మట్టి రెండు కిలోలు అడిగి తీసుకోండి. ఆ రెండు కిలోలు మరిచిపోయి, ఇంట్లో ఉన్న వేరే మట్టితో బొమ్మలు పెడితే శ్రమంతా వృథా. ఒకటి 6 శాతం, ఇంకొకటి 9 శాతం కుంచించుకునే మట్టుల మధ్య ఏ అతుకూ నిలవదు. సారె మీద చేసి తట్టిన కుండ గోడ పలచగా ఉంటుంది కాబట్టి ఎద్దు తల 120 గ్రాములు దాటనివ్వకండి.

అతుకు: అసలు పనంతా ఇక్కడే

కుండ ఏ పదునులో ఉండాలి? వేలితో వత్తితే ముద్ర పడాలి, మట్టి మాత్రం వేలికి అంటకూడదు. గోరుతో గీస్తే గీత అంచులు లేవకుండా శుభ్రంగా రావాలి. రంగు ఇంకా ముదురుగానే ఉండాలి. మూతి అంచు తెల్లబారడం మొదలైందంటే ఆలస్యమైపోయినట్టే. తడిగుడ్డ చుట్టి తిరిగి మెత్తబరచొచ్చని చాలామంది ప్రయత్నిస్తారు. అలా చేస్తే పైపొర మెత్తబడుతుంది, లోపల అలాగే ఉంటుంది, ఆ పైపొరతో సహా బొమ్మ ఊడొస్తుంది. అలాంటి కుండను నీళ్ళలో వేసి మళ్ళీ మట్టి చేసుకోవడమే నయం.

బొమ్మ కూడా అదే పదునుకు రావాలి. అందుకని బొమ్మల ముక్కలు ముందుగా చేసి, కుండ పక్కనే ఒకే ప్లాస్టిక్ కవరు కింద ఒక రాత్రి ఉంచండి. ఒకే కప్పు కింద ఉన్న తడి తనంతట తానే సర్దుకుంటుంది.

అతికించే చోట బొమ్మ అంచును కుండ మీద గీసుకోండి. ఆ గీత లోపల కుండ మీదా, బొమ్మ అడుగునా పాత దువ్వెన ముక్కతో 2 మి.మీ. లోతున అడ్డంగా, నిలువుగా గీకండి. అదే మట్టిని నీళ్ళతో మీగడలా చేసిన గుజ్జును రెండు వైపులా పట్టించండి. ఒక చెయ్యి కుండ లోపల ఆనించి, రెండో చేత్తో బొమ్మను నొక్కుతూ అటూ ఇటూ కొద్దిగా ఆడించండి. చుట్టూ గుజ్జు బయటికి రావాలి, అది రాలేదంటే లోపల గాలి చిక్కింది. ఆ తర్వాత అతుకు చుట్టూ ఈనె మందాన మట్టి కడ్డీ పరిచి, వెదురు పుల్ల మొనతో రెండు పక్కలకూ లాగి కలిపేయండి. గుజ్జు ఒక్కటే పట్టు ఇవ్వదు. అందులో నీళ్ళెక్కువ కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ కుంచించుకునేది అదే. పట్టు ఇచ్చేది లాగి కలిపిన ఆ కడ్డీ. కుండ మొత్తాన్ని ఒక రోజంతా కప్పి ఉంచాకే తర్వాతి పని.

ముందు పాము

మెడ చివరగా కట్టింది కాబట్టి అది ఇంకా మెత్తగా ఉంటుంది. అందుకే పాముతో మొదలుపెట్టాలి. ఒకటిన్నర చుట్టుకు 75 సెం.మీ. పొడవు, చిటికెనవేలు మందం ఉన్న కడ్డీ కావాలి. తోక వైపు క్రమంగా సన్నబరచండి, కానీ కొన మొండిగానే ఉంచండి. సూదిలా చేస్తే ముందు ఎండి రాలేది అదే. కడ్డీని లాగి బిగించకుండా, వదులుగా పరిచి నొక్కండి. బిగించి చుట్టిన పాము ఆరేటప్పుడు మూడు నాలుగు చోట్ల అడ్డంగా తెగుతుంది. పొలుసులు కత్తితో కోయకండి, కోత పడ్డ ప్రతిచోటా పగులుకు దారి ఇచ్చినట్టే. గవ్వ అంచుతోనో పెన్ను మూతతోనో అచ్చు వేయండి. పడగ అరచేయి తిప్పి వత్తినట్టు 8 మి.మీ. మందాన ఉంటే చాలు, దాని వీపు మొత్తం మెడకు ఆనుకుని ఉండాలి.

ఎద్దు

ఒంగోలు ఎద్దు అని చూడగానే తెలియాలంటే మూడు గుర్తులు తప్పకూడదు: నిటారు మూపురం, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, పొట్టి మొండి కొమ్ములు. పొడవాటి వంపు కొమ్ములు పెడితే అది వేరే జాతి ఎద్దవుతుంది. పైగా పొట్టి కొమ్ము మట్టికీ మేలే.

150 గ్రాముల ఉండ (కొన్న పచ్చికుండకైతే తల మొత్తం 120 దాటకుండా ఇంకా చిన్నది) తీసుకుని అందులో బొటనవేలు దింపి, తిప్పుతూ 7 సెం.మీ. పొడవు బోలు గరాటు చేయండి. గోడ 7 మి.మీ. ఉంచండి. సన్నటి కొసను చెక్క మీద మెల్లగా తట్టితే మూతి చదునవుతుంది. నుదురు వెడల్పుగా, కళ్ళ కింద కొద్దిగా నొక్కి, మూతి దగ్గర మళ్ళీ కాస్త ఉబ్బనివ్వాలి. ముక్కు రంధ్రాలు సైకిల్ చువ్వ మొనతో ఏటవాలుగా గుచ్చండి. నోరు 2 సెం.మీ. గీత, కొసలు కొంచెం కిందికి. కన్నుకు ముందు చిన్న గుంట చేసి, అందులో 6 మి.మీ. మట్టి గుండు పెట్టి, చుట్టూ సన్న కడ్డీతో వలయం పెట్టి, గుండు నడుమ ఈనెతో ఒక్క పోటు పొడవండి. జానపద బొమ్మలో చూపు వచ్చేది ఆ పోటుతోనే. రెండు కళ్ళలో పోటు ఒకే ఎత్తులో పడాలి, కాస్త ముందుకు చూస్తున్నట్టు ఉండాలి.

కొమ్ములు 3 సెం.మీ. పొడవు, మొదలు 1.2 సెం.మీ. మందం. మొదట్లో చిన్న చీల వదిలి, తలలో చేసిన గుంటలో గుజ్జుతో దింపండి. అవి నుదుటి రెండు అంచుల నుంచి బయటికీ వెనక్కీ పోవాలి. చెవులు ఆకు ఆకారంలో 4 మి.మీ. మందాన, కొమ్ము కిందే కాస్త వాలినట్టు.

తలను కుండ భుజం మీద, పొట్ట అన్నిటికన్నా వెడల్పుగా ఉండే చోటికి కొంచెం పైన అతికించండి. అతికించే ముందే ఆ చోట కుండ గోడకు చువ్వతో 4 మి.మీ. రంధ్రం పొడవడం మరవొద్దు. తల బోలులోని ఆవిరి కుండ లోపలికి పోవడానికి అదే దారి. దారి లేకపోతే ఎద్దు మూతి ఆవంలో పేలిపోతుంది. మందపు ముద్దకూ ఇదే ప్రమాదం, కాబట్టి ఎక్కడా 1.5 సెం.మీ. దాటిన గట్టి మట్టి ఉండకూడదు. పేలేది లోపల చిక్కిన తడి ఒక్కసారిగా ఆవిరి కావడం వల్ల.

మూపురం కూడా చిప్పలా బోలు చేసి, తల వెనక మెడ వైపు అతికించి, దానికీ గోడలోంచి రంధ్రం ఇవ్వండి. గంగడోలు 5 మి.మీ. పట్టీ, తల కింద నుంచి పొట్ట మీదికి 9 సెం.మీ. దాకా అలలుగా పరిచి గోడకు పూర్తిగా అంటించేయాలి. మెడలో చిన్న ఉండలతో మువ్వల పట్టెడ కట్టి, ఒక్కో మువ్వ కింద సన్న గాటు పెడితే సంక్రాంతి ఎద్దు అలంకారం వస్తుంది.

నెమలి

ఇది తేలిక. ఒళ్ళు కోడిగుడ్డు సగం అంత ఉబ్బు, లోపల బోలు, వెనక రంధ్రం. పింఛం తొమ్మిది పట్టీలు, మొదట్లో 5 మి.మీ., కొసన 3 మి.మీ. మందం, గోడను పూర్తిగా అంటిపెట్టుకుని. ఒక్కో పట్టీ కొసన వెదురు గొట్టంతో వలయం, అందులో పెన్ను మూతతో చిన్న వలయం అచ్చు వేస్తే కన్ను అవుతుంది. తురాయిని విడివిడి పుల్లలుగా పెట్టకండి, ఒకే విసనకర్ర ముక్కగా చేసి మీద గీతలు గీయండి. కాళ్ళు గోడ మీద గీతలుగా ఉంటే చాలు.

జాజు, మెరుగు

జాజును నీళ్ళలో కలిపి, బరువైన రేణువులు అడుగుకు దిగాక పైతేటను వంచుకోండి. అందులో సగం కుండ మట్టి గుజ్జు కలపండి. వట్టి జాజు పూస్తే పొట్టులా లేస్తుంది. పదునులో ఉన్న కుండకు పలచగా రెండు పూతలు వేసి, మెరుపు తగ్గాక నున్నటి గులకరాయితో ఒకే దిక్కుగా రుద్దండి. బొమ్మలను రుద్దకుండా వదిలేసి కుండ ఒంటినే మెరిపిస్తే జంతువులు ఎత్తి చూపినట్టు కనపడతాయి. తెల్ల చుక్కలకు చైనా క్లే వాడండి. కాల్చకముందు సున్నం వాడితే రాలిపోతుంది.

ఆరబెట్టడం

రెండు సెం.మీ. ఇసుక పరిచి దాని మీద కుండ పెట్టండి, కుంచించుకునే అడుగు ఇసుక మీద జారుతుంది. బల్ల మీద పెడితే అడుగు పట్టుకుపోయి పగులుతుంది. మొదటి మూడు రోజులు మొత్తం కప్పి, నాలుగో రోజు నుంచి కవరుకు కన్నాలు పెడుతూ పోండి. కొమ్ములు, చెవులు, పడగలకు విడిగా చిన్న కవరు ముక్కలు చుట్టాలి, ఎందుకంటే సన్నవి ముందు ఆరతాయి. వాటిని ఒళ్ళు ఆరేదాకా ఆపి ఉంచాలి. రోజూ పావు వంతు తిప్పండి. వారం తర్వాత కవరు తీసేసి నీడలో ఇంకో వారం.

ఆరిందో లేదో చూపుతో తేలదు. కుండను చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే తడి ఉంది. వంటింటి త్రాసులో రోజూ తూచడం అంతకన్నా నమ్మకం. వరసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టు. ఆ తర్వాతే ఒక పూట ఎండలో పెట్టండి. పచ్చికుండను మూతి పట్టుకునో ఎద్దు తల పట్టుకునో ఎత్తొద్దు, రెండు చేతులతో అడుగు పట్టుకోండి.

కాల్చడం

అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు కుమ్మరి ఆవంలో చోటు అడగడమే దారి, ఫలితమూ అక్కడే బాగుంటుంది. ఆవం పేర్చే రోజు ముందే తెలుసుకుని, కుండను ఊక నింపిన బుట్టలో కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. పై వరసలో పెట్టమనండి. మీద బరువు పడదు, వేడి మెల్లగా తగులుతుంది.

సొంత దొడ్డి ఉంటే గడ్డివాములకు, కరెంటు తీగలకు దూరంగా, గాలి లేని సాయంత్రం, నీళ్ళ బకెట్లు పక్కన పెట్టుకుని కాల్చుకోవచ్చు. నాలుగైదు కుండలకు పిడకలు 120, ఊక ఒక బస్తా, వరిగడ్డి నాలుగు మోపులు పడతాయి. ముందు కుండల చుట్టూ అర మీటరు దూరంలో చిన్న నిప్పు పెట్టి, తిప్పుతూ మూడు గంటలు కాచండి. కుండ చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కాలి. ఈ మూడు గంటలు తగ్గించినవాళ్ళ కుండలే ఎక్కువగా పేలతాయి.

తర్వాత పొడి ఇసుక మీద పెంకులు, వాటి మీద రెండు వరసల పిడకలు, ఆ మీద కుండలు నిలువుగా. ఎద్దు తలకు, పడగకు అడ్డంగా పెంకుముక్కలు ఆనించండి, లేకపోతే కూలే పిడక కొమ్ము విరగ్గొడుతుంది. చుట్టూ, పైనా పిడకలు, సందుల్లో ఊక, ఆపైన జానెడు మందాన గడ్డి, దాని మీద పలచటి బురద పూత. అడుగున నాలుగు, పైన మూడు పిడికెడు కన్నాలు వదిలి, అడుగు కన్నాల్లో నిప్పు అంటించండి. చీకట్లో పై కన్నంలోంచి చూస్తే కుండ ఎర్రగా వెలగాలి. ముదురు ఎరుపు దాదాపు 650 డిగ్రీలు, చెర్రీ పండు రంగు 750 నుంచి 800. ఆ రంగు అరగంటైనా నిలవాలి.

మర్నాడు మధ్యాహ్నం దాకా తెరవకండి. మట్టిలోని ఇసుక 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా పరిమాణం మార్చుకుంటుంది, అప్పుడు చల్లగాలి తగిలితే కుండ పొడవునా చీలుతుంది. చెయ్యి పెట్టగలిగినప్పుడు తీయండి.

పగులు చూసి కారణం పట్టడం

అతుకు చుట్టూ వలయంగా సందు పడితే పదునులో తేడా. కొమ్ము శుభ్రంగా, చదునైన ముఖంతో ఊడితే గీకడం చాలలేదు. కొమ్ము నడిమికి విరిగితే అది ముందే ఆరిపోయింది, లేదా ఎత్తేటప్పుడు తగిలింది. బిళ్ళలా పెచ్చు ఎగిరిపోతే ఆవిరి పని. గోడ విరిచి చూస్తే మధ్యలో నల్లటి పొర ఉంటే గాలి, సమయం చాలలేదు. అది బలహీనత కాదు, ఇంకో గంట కాలితే పోయేది. పైన నల్ల మచ్చలు పిడక తగిలిన చోట వస్తాయి. వాటిని దాచాల్సిన పని లేదు, ఆరుబయట కాల్చిన కుండకు అవి అందమే.

పది రోజుల తర్వాత గుండ్రటి పెచ్చు రాలి, నడుమ తెల్ల చుక్క కనపడితే అది సున్నపు గవ్వ. 800 డిగ్రీలు దాటాక అది కాలి సున్నమవుతుంది, తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బి గోడను తోసేస్తుంది. మట్టిలో సున్నం ఉందని ముందే తెలిస్తే ఆవం నుంచి తీసిన కుండ గోరువెచ్చగా ఉండగానే ఒక రోజు నీళ్ళలో నానబెడితే నష్టం కొంత తగ్గుతుంది.

సరిగ్గా కాలిందో లేదో తేల్చుకోవడానికి అదే మట్టితో చేసిన చిన్న బిళ్ళను కుండతోపాటు కాల్చి, రాత్రంతా నీళ్ళలో వేయండి. పొద్దునకు అంచులు మెత్తబడితే కుండను మళ్ళీ కాల్చాలి. కుండను వేలితో కొడితే ఖంగుమనాలి, మొద్దు శబ్దం వస్తే ఎక్కడో కంటికి కనపడని చీలిక ఉంది.

తాగేనీళ్ళకు వాడే కుండకు రంగులేమీ వేయకండి. పూలమొక్కకైతే పదునులో ఉన్నప్పుడే అడుగున 1.2 సెం.మీ. రంధ్రం పెట్టుకోండి. అలంకారానికైతే కాలాక తుమ్మజిగురు కలిపిన సున్నంతో ఎద్దును తెల్లగా పూసి, ఆరాక కొమ్ములకు మాత్రమే జాజు పట్టించవచ్చు. కాలిన తర్వాత కొమ్ము విరిగితే పచ్చిమట్టితో అతకదు. విరిగిన ముఖాలను దుమ్ము లేకుండా తుడిచి, ఎపాక్సీ జిగురులో సన్నటి పెంకుల పొడి కలిపి అతికించి, ఒక రోజు కదపకుండా ఇసుకలో నిలబెట్టండి.